గోడకు పట్టిన గజ్జి

ఆస్పత్రికి బయల్దేరే తొందరలో, ఆటో ఎక్కుతూ పెయింటరుతో అతని భార్య ఒక మాట అంది. "పెరటి గోడ సంగతి చూసుకోండి. గురువారం ఆఫీసరు వస్తాడు."

ఆమె చేతుల్లో ఏడేళ్ల పాప ఉంది. ఊపిరి లాగినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. పెయింటరు తల ఊపాడు. ఆటో సందు మలుపు తిరిగింది.

ఇరవై రెండేళ్లుగా గోడలతోనే బతుకుతున్న మనిషికి "గోడ సంగతి చూసుకో" అంటే ఒకటే అర్థం. ఇంటివాళ్లు ఆ మాట అనేసి తాళాలు చేతికిచ్చి వెళ్తారు. తిరిగొచ్చేసరికి గోడ మీద మచ్చ ఉండకూడదు.

ఆఫీసరు ఎందుకొస్తున్నాడో అతనికి తెలుసు. వెనక సందులో పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు పెట్టి మూడేళ్లయింది. పాపకు దగ్గు పట్టుకుని రెండున్నరేళ్లు. ఆస్పత్రికి వెళ్లడం ఇది మూడోసారి. "ఆ గాలిలోనే ఉంచితే నాలుగోసారి నేనేం చెప్పలేను" అన్నాడు డాక్టరు. బడిలో సైన్సు ల్యాబు అటెండరుగా చేసే భార్య షెడ్డు మీద కాలుష్య మండలికి అర్జీలు పెడుతూ వచ్చింది. ఎనిమిదింటికి జవాబు లేదు. తొమ్మిదోది చదివి ఆఫీసరు వస్తానన్నాడు. వచ్చి, షెడ్డు ఆపమని రాస్తే పాప ఇంట్లో ఉండొచ్చు. తొమ్మిదో అర్జీలో ఆమె ఏం రాసిందో మాత్రం అతను చదవలేదు.

గోడకు పట్టినదాన్ని అతని పనిలో గజ్జి అంటారు. బూడిదరంగులో కొంత, పసుపులో కొంత, బొత్తాం అంత నుంచి అరచెయ్యంత దాకా, అంచులు ముడుచుకుని ఉండేది. ఆదివారాలు భార్య పాపను పీట మీద కూర్చోబెట్టి భూతద్దంతో దాన్ని చూపించేది. పాప వాటికి పేర్లు కూడా పెట్టింది. ఒకటి పటం, ఒకటి చెవి.

"గజ్జికి పేర్లేంటే" అనేవాడు పెయింటరు.

"గజ్జి కాదు. పాచిలాంటిది అనుకోండి" అనేది ఆమె. అంతకంటే చెబితే వినడని ఆమెకు తెలుసు.

పాచి అంటే చెమ్మ. చెమ్మ అంటే దగ్గు. చెమ్మెక్కిన గదుల్లో పిల్లలు దగ్గడం అతను వంద ఇళ్లలో చూశాడు. షెడ్డు పొగ సరే, ఈ పాచి కూడా పిల్ల గుండెల్లోకి పోతోందని ఏడాదిగా అతని అనుమానం. పైకి అనలేదు. ఇప్పుడు భార్యే చూసుకోమంది. ఇన్నాళ్లకు దారికొచ్చింది అనుకున్నాడు.

బుధవారం పొద్దున బావమరిదిని పిలిచాడు. పనిలో ఇద్దరిదీ ఒకే జట్టు.

"ఏంటి బావా, సొంత గోడకు మోక్షం వచ్చిందా? రంగు వేయించుకునేవాళ్లు నీ ఇల్లు చూపించమంటే ఈ పెరడు కనపడకుండా తిప్పి తీసుకొచ్చేవాణ్ణి."

"మీ అక్కే చెప్పింది."

"అక్క చెప్పిందా? అయితే నోరు మూసుకుని గీకుతా."

బ్లీచింగ్ నీళ్లు కొట్టి గంట నాననిచ్చారు. తర్వాత వైరు బ్రష్షు పట్టారు. షెడ్డు వైపు కొసన బ్రష్షు ఆనితే చాలు, పొడిగా రాలిపోయింది. నడుమకొచ్చేసరికి రుద్దాల్సి వచ్చింది. వీధి వైపు కొసన బ్రష్షు పనిచెయ్యలేదు. ఇనప రేకు తీసుకుని గీకారు. అది గోడను కరుచుకుని ఉంది. సాయంత్రానికి రెండు పూతలు సున్నం వేశారు. రాలినదంతా చెత్తబండికి ఎత్తారు.

గురువారం పదకొండింటికి భార్య ఆఫీసరును వెంటబెట్టుకుని ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చింది. అక్కడ పాప దగ్గర తన చిన్నమ్మను కూర్చోబెట్టి వచ్చింది. ఆఫీసరు చేతిలో, కొలత కోసం గళ్లు గీసిన ప్లాస్టిక్ పలక ఉంది. పెరటి గుమ్మంలో ఆమె ఆగిపోయింది. వెనక వస్తున్న ఆఫీసరు ఆమెకు తగలబోయి ఆగాడు.

"ఏం చేశారు?" అంది.

"చూసుకోమన్నావుగా."

"చూసుకోమంటే కాపలా ఉండమని. షెడ్డువాళ్లు ఎవర్నైనా పంపి గీకిస్తారని." ఆమె సున్నం మీద వేలు పెట్టి చూసింది. "వాళ్లకా శ్రమ లేకుండా చేశారు."

బ్రష్షులు తీసుకెళ్లడానికి వచ్చిన బావమరిది చెప్పులు వెతుక్కున్నాడు. "నువ్వు చెప్పావనే అక్కా..."

"నువ్వు మాట్లాడకురా."

ఆఫీసరు గోడ పొడవునా నడిచి వచ్చాడు. "లైకెన్లు ఉన్నది ఈ గోడేనా?"

ఆ మాట పెయింటరు వినడం అదే మొదటిసారి. "గజ్జా సార్?"

"గజ్జి కాదండీ. నాచూ, బూజూ కలిసి కాపురం చేస్తాయి. దానికి వేరు లేదు. తినేదీ తాగేదీ గాలిలోంచే. గోడకేం కాదు, మనిషికేం కాదు. గాలి చెడితే ముందు చచ్చేది అది. షెడ్డు వైపు చచ్చి, అటువైపు బతికుందని మీ ఆవిడ రాసింది. అది చూడ్డానికే వచ్చాను."

భార్య సంచిలోంచి కాగితాలు తీసింది. ఆరేళ్లుగా, ఏడాదికోసారి, గోడ మీద పల్చటి కాగితం పెట్టి ఒక్కో మచ్చ అంచు వెంట గీసినవి. ఆఫీసరు అన్నీ తిరగేశాడు. ఆఖరిదాన్ని ఎక్కువసేపు చూశాడు.

"బాగా చేశావమ్మా. కానీ కాగితం మీద ఎవరైనా గీస్తారు. గోడతో పోల్చి సంతకం పెట్టాలి. పోల్చడానికి గోడ లేదు."

"నేను చెప్తా సార్" అన్నాడు పెయింటరు. "నేనే గీకాను. ఇక్కణ్ణుంచి రెండు గజాలు పిండిలా రాలింది. ఇక్కడ పట్టు మొదలైంది. ఈ కొసన రేకు వంగిపోయింది. ఏ గజంలో ఎంత బలం పట్టిందో చెప్తా, రాసుకోండి."

ఆఫీసరు విన్నాడు. రాసుకోలేదు. "బ్లీచింగ్ కొట్టారా?"

"కొట్టాం."

"అయితే చంపింది బ్లీచింగే అంటారు షెడ్డువాళ్లు. కాదని నేను చెప్పలేను. ఈ వరసలో ఇంకెవరి గోడ మీదైనా ఉందా?"

పెయింటరు వరసగా ఉన్న గోడలకేసి చూశాడు. అటు నాలుగిళ్లు, ఇటు అయిదిళ్లు, గోడలన్నీ గీకి రంగు వేసింది అతనే.

"లేవు సార్" అంది భార్య.

"మళ్లీ ఎప్పటికి వస్తుంది?" అన్నాడు పెయింటరు.

"గాలి బాగుంటే అయిదారేళ్లకు కంటికి ఆనుతుంది. ఈ గాలిలో అయితే రాదు."

ఆఫీసరు పీట మీద కూర్చుని ఫారం నింపాడు. "పరిశీలనకు ఆధారం లభించలేదు" అని రాశాడు. భార్య చదివి సంతకం పెట్టింది.

శనివారం పాపను ఇంటికి పంపించేశారు. మంచం ఇంకో పిల్లకు కావాలన్నారు. భార్య చిన్నమ్మది ఒకే గది, అందులో అయిదుగురు. వేరే వీధిలో అద్దెకు తీసుకునేంత డబ్బు లేదు. వేరే ఊరికి పోవాలంటే బడిలో ఉద్యోగం వదలాలి. ఉన్న ఇంటికే వచ్చారు.

పెయింటరు అప్పటికే గదిలో పని మొదలుపెట్టాడు. రంగు వేసేటప్పుడు సామాన్ల మీద కప్పే ప్లాస్టిక్ షీటు తెచ్చి, కిటికీకి అడ్డంగా పెట్టి, సందు లేకుండా చుట్టూ టేపు అంటిస్తున్నాడు. భార్య పాపను మంచం మీద దించి, షీటు రెండో కొస పట్టుకుంది. గురువారం నుంచి ఇద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే.

"గదికి రంగు వేస్తున్నావా నాన్నా?" అంది పాప.

"ఆఁ."

"మరి వాసన రాదేం?"

"వేశాక వస్తుంది."

వెనక సందులో, కొలిమి వెలిగించే వేళకు షెడ్డు సైరను మోగింది. భార్య కొంచెం టేపు చింపి ఇచ్చింది. అతను కిటికీ కింది మూలకు అంటించి, బొటనవేలితో నొక్కాడు. ఆమె ఇంకో ముక్క చింపింది.