రెండు వారాలు అమ్మ అనొద్దు

స్కాట్లండ్ బృందం రావడానికి వారం ముందు, ఆశ్రమం గోడకున్న రంగు గీకెయ్యడం నా పని. బాగున్న రంగే. పోయిన జూలైలో వాళ్ళే వేసి వెళ్ళిన పసుపు, ఇంకో అయిదేళ్ళు చెక్కుచెదరకుండా ఉండేది. కానీ వచ్చేవాళ్ళు పన్నెండు మంది, ఒకే రకం చొక్కాలు తొడుక్కుని, బ్రష్షులు కూడా వెంట తెచ్చుకుంటారు. సేవ చెయ్యడానికి వాళ్ళకొక గోడ ఉండాలి. "గోడ కాస్త దిక్కులేనట్టు కనపడాలి, ఎనిఫా," అంటాడు మా ఆయన ప్రతి ఏడూ. ఆయన పాస్టరు, ఈ అనాథాశ్రమానికి పెద్ద. నేను ఆయన భార్యని, ఇరవై తొమ్మిది మంది పిల్లలకి వండేదాన్ని, ఉతికేదాన్ని, ఆదివారం గుడిలో తెల్లవాళ్ళ మాటలు మా భాషలోకి మార్చేదాన్ని. పెళ్ళికి ముందు మూడేళ్ళు బడిలో ఇంగ్లిషు చెప్పాను. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

మా డెడ్జా కొండల మీద జూలై అంటే చలికాలం, మంచు పదింటికి గాని లేవదు. అరిగిన పార ముక్కతో గీకుతుంటే వేళ్ళు కొయ్యబారిపోయాయి. గోడ కింది భాగంలో పిల్లల అరచేతుల ముద్రలున్నాయి. వెళ్ళే రోజున వాళ్ళు పిల్లల చేతులు రంగులో ముంచి గోడకి అద్దిస్తారు, ఫొటోలు తీసుకుంటారు, కళ్ళు తుడుచుకుంటారు. మరుసటేడు నేను వాటిని గీకుతాను. తియామికె చెయ్యి నా మోకాలెత్తులో ఉంది. దాన్ని చివరిదాకా ఉంచాను. చివరికి దాన్నీ గీకాను. ఆ పొడి ఒళ్ళో రాలితే లేచి దులుపుకున్నాను. నా చెయ్యి ఎక్కడా ఆగలేదన్నదే ఇప్పటికీ నన్ను భయపెడుతుంది.

తియామికె మా చెల్లెలు ఫెలిస్టా బిడ్డ. అది పుట్టిన రోజే ఫెలిస్టా చనిపోయింది. చెల్లెలి ఇంట్లో ఊరి ఆడవాళ్ళందరూ చెప్పులు గుమ్మం బయట విడిచి, తలమీద గుడ్డ కప్పుకుని, నేలమీద కాళ్ళు బారచాపుకుని నా చుట్టూ కూర్చున్నారు. మా దగ్గర తల్లి పోతే ఓదార్చరు, మాట్లాడకుండా అలా కూర్చుంటారు. వాళ్ళలో పెద్దది, నాఫిరి అవ్వ మాత్రం నా ఒళ్ళో గుడ్డలో ఉన్నదాన్ని చూసి, ఇవాళ్టి నుంచి నువ్వు తియామికె అమ్మవి, అంది. మా వైపు పెద్దమ్మ బతికుండగా పిల్ల తల్లిలేనిది కాదు. ఊళ్ళో అందరూ నన్ను ఎనిఫా అనడం మానేసి తియామికె అమ్మా అని పిలవడం అప్పుడే మొదలు. దానికిప్పుడు ఆరేళ్ళు. నాకు వేరే పిల్లల్లేరు.

మూడేళ్ళ కిందట బృందం ఫొటో తీసేవేళకి ఒక పిల్ల జ్వరంతో పడుకుంది. "తియామికెని నిలబెట్టు, ఫొటో కోసమే," అన్నాడు ఆయన. నిలబెట్టాను. గౌను నేనే తొడిగాను, జుట్టు నేనే దువ్వాను. ఆ ఫొటో స్కాట్లండులో మోరాగ్ అనే ఆవిడ వంటింట్లో ఫ్రిజ్ మీదికెక్కింది. అప్పటి నుంచి ఆవిడ రోజూ పొద్దున్నే నా బిడ్డని చూస్తూ టీ తాగుతోందట. తనే చెప్పింది, ఎంతో ప్రేమగా. ఆవిడ చెడ్డది కాదు. చెడ్డదై ఉంటే నాకింత కష్టమయ్యేది కాదు.

ఆ ఏటి నుంచే ఇంట్లో ఒక నియమం వచ్చింది. బృందం ఉన్న రెండు వారాలు తియామికె నన్ను ఆంటీ అనాలి. "అమ్మ అన్న మాట ఏ భాషలో అన్నా వాళ్ళకి తెలిసిపోతుంది," అన్నాడు ఆయన. సంఘంలో ఆడవాళ్ళకి కూడా, అతిథులున్నన్నాళ్ళు పాస్టరమ్మా అని పిలవండి, గౌరవంగా ఉంటుందని చెప్పాడు. వాళ్ళు నవ్వుకున్నారు. నాఫిరి అవ్వయితే, పెద్దింటిదానివయ్యావే, రెండు వారాలు మాతో మాట్లాడతావా లేదా, అని ఎగతాళి చేసింది. మొదటేడు తియామికె రోజుకి పదిసార్లు తప్పు చేసి నాలుక్కరుచుకునేది. నాకు ఆ తప్పులంటే ఇష్టంగా ఉండేది.

ఈసారి మోరాగ్ ఎర్రటి బూట్లు తెచ్చింది. పోయినేడు కాగితం మీద తియామికె పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసుకుని వెళ్ళింది. ఏడాదిలో ఎంత పెరుగుతుందో లెక్కవేసి కొన్నదట. సరిగ్గా సరిపోయాయి. అంత సరిగ్గా ఎలా ఊహించిందో నాకు అర్థం కాలేదు. మూడో రోజు పిల్లని తలుపుకి ఆనించి నిలబెట్టి ఎత్తు కొలిచింది. అయిదో రోజు వంటింట్లోకి వచ్చి, నేను న్సిమ, అదే మా మొక్కజొన్న సంకటి, కలుపుతుంటే గరిటె పట్టుకున్న నా చెయ్యి నొక్కి, "ఇన్నాళ్ళూ మా కోసం దీన్ని ఎంత బాగా చూసుకున్నావో," అంది. మా కోసం. కుండ అడుగంటింది. ఆ రోజు పిల్లలు మాడు వాసన ముద్దే తిన్నారు.

ఆ మధ్యాహ్నమే ఆయన చెప్పాడు. తియామికెని మోరాగ్ వాళ్ళకి ఇచ్చేస్తూ సోమవారం జిల్లా ఆఫీసులో పెంపకం కాగితం, గురువారం ప్రయాణం. మా వైపు బిడ్డ తల్లి వంశానికే చెందుతుంది, తల్లి తరఫుదాన్ని గనక సంతకం నాదే కావాలట. అతిథుల ముందు ఆంటీని, కాగితం ముందు తల్లివైపు మనిషిని. నేనేమీ అనకముందే అత్తగారు అందుకుంది. కన్నదానివి కూడా కాదు, నీకెందుకే ఏడుపు, అక్కడ వెన్న తింటుంది, ఇక్కడ చిక్కుడాకు తింటుంది, అంది. ఆయన అలా మొరటుగా మాట్లాడడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, పాపాలు ఒప్పుకోడానికి వచ్చినవాళ్ళతో మాట్లాడే గొంతుతో, "నిజాయితీగా ఆలోచించు. నీకు ఆ పిల్ల మీద ప్రేమా, లేక నీ లోటు పూడ్చుకోవడానికి ఆ పిల్ల కావాలా?" అన్నాడు.

రెండు రోజులు ఆ ప్రశ్న నాలో తిరిగింది. బట్టలు పిండుతూ, బొగ్గు ఊదుతూ, వాళ్ళ బ్రష్షులు కడుగుతూ అదే. నిజం చెప్పాలంటే, అవును, లోటు ఉంది. పిల్ల నా ఒళ్ళో పడుకున్నప్పుడు ఆ లోటు నాకు గుర్తుండదు. ఇది స్వార్థమైతే, పిల్లలు కన్న ఆడవాళ్ళందరిదీ ఏమిటి? వాళ్ళనెవరూ కుర్చీ లాక్కుని అడగలేదే? ఆ ప్రశ్న ఆయన తనని తాను ఎప్పుడైనా వేసుకున్నాడా, ఇరవై తొమ్మిది మంది నాన్నా అని పిలుస్తుంటే, ఒకరు తగ్గితే ఫొటో బాగోదనుకున్నప్పుడు? ఇవన్నీ నాలోనే అనుకున్నాను. పైకి, సరే, సోమవారం ఎన్ని గంటలకి, అని అడిగాను. ఒప్పుకోవడం అలవాటైపోయిన గొంతు అది, నాకంటే ముందు మాట్లాడేస్తుంది.

శనివారం సాయంత్రం పిల్లకి నీళ్ళు పోస్తున్నాను. తడికల చాటున మేమిద్దరమే, దరిదాపుల్లో ఎవరూ లేరు. కళ్ళు మూసుకుని, సబ్బు నురగ కారుతుంటే, "కళ్ళు మండుతున్నాయి, ఆంటీ," అంది.

చెంబు కింద పెట్టి దాని మొహం మీది నురగ తుడిచాను. ఇక్కడ ఎవరూ లేరు కదా, అమ్మ అనొచ్చు, అన్నాను. అది ఒక కన్ను తెరిచి నన్ను చూసి, పెద్దదానిలా సర్దిచెప్పింది. "అలవాటు చేసుకొమ్మన్నారు నాన్న."

ఆదివారం గుడి నిండింది. ఆడవాళ్ళు ఎడమవైపు బెంచీల మీద, బృందం ముందు వరసలో. ఆయన వాక్యం చెప్పాక మోరాగ్ సాక్ష్యం చెప్పడానికి లేచింది. తియామికెని ఎర్రబూట్లతో పక్కన నిలబెట్టుకుంది. నేను ఎప్పటిలాగే ఒక మెట్టు కింద నిలబడ్డాను. ఎనిమిదేళ్ళుగా నేను చేస్తున్న తర్జుమా ఏమిటో ఇక్కడ ఒప్పుకోవాలి. వాళ్ళు మా పిల్లల్ని దిక్కులేనివాళ్ళంటే, మీ పిల్లలంటే వీళ్ళకి ప్రాణమట అని చెప్పేదాన్ని. ఈ ఊరిని దేవుడు మరిచిన చోటంటే, మీ ఊరు చాలా నచ్చిందట అనేదాన్ని. సంఘానికి ఎంత కావాలో అంతే చెప్పు, అన్నది ఆయన మొదటేడు నేర్పిన పాఠం. అందుకే మా ఆడవాళ్ళు ఇన్నేళ్ళూ చప్పట్లు కొట్టారు.

"ఈ చిన్నారికి లోకంలో ఎవరూ లేరు," అంది మోరాగ్. "అమ్మ లేదు, నా అనేవాళ్ళు లేరు. దేవుడు మాకు తనని చూపించాడు. గురువారం తనని మా ఇంటికి తీసుకెళ్తున్నాం."

ఆయన పెదవులు కదలకుండా, "మామూలుగా చెప్పెయ్," అన్నాడు.

నేను చెప్పాను. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట కలపలేదు. ఈ చిన్నారికి లోకంలో ఎవరూ లేరు. అమ్మ లేదు. నా అనేవాళ్ళు లేరు. గురువారం తీసుకెళ్తున్నారు. నా నోటితోనే.

చప్పట్లు రాలేదు. చలిగాలికి కప్పు మీది రేకు టకటకమంది. తర్వాత నాఫిరి అవ్వ బెంచీ పట్టుకుని లేచింది. చెప్పులు విడిచింది. నడుముకి పైన చుట్టుకున్న రెండో గుడ్డ విప్పి తలమీద కప్పుకుని నా ముందుకొచ్చి, సిమెంటు నేలమీద కాళ్ళు బారచాపి కూర్చుంది. ఆమె వెనక ఇంకొకామె. తర్వాత ఒక వరస వరసంతా. ఎవరూ ఏడవలేదు, ఎవరూ నాతో మాట్లాడలేదు. ముందు వరసలో ఎవరో ఫోను పైకెత్తి ఫొటో తీశారు.

"ఏం చేస్తున్నారు వీళ్ళు?" అంది మోరాగ్, చిరునవ్వుతోనే.

"ప్రార్థన," అన్నాడు ఆయన. నా బదులు ఆయన తర్జుమా చెయ్యడం అదే మొదటిసారి.

"కాదు," అన్నాను ఇంగ్లిషులో. "తల్లి చనిపోతే మేం ఇలా కూర్చుంటాం. ఈ పిల్లకి తల్లి లేదని మీరన్నారు, నేను చెప్పాను. ఆ తల్లిని నేనే. వీళ్ళు నా కోసం కూర్చున్నారు. రేపు నేను సంతకం పెట్టను."

మోరాగ్ మొహంలో నవ్వు ఎటు పోవాలో తెలియనట్టు అక్కడే నిలిచిపోయింది. ఆయన నా పేరు పిలిచాడు, చాలా మెల్లగా. ఆ గొంతు నాకు తెలుసు. అతిథులు వెళ్ళాక ఇంట్లో ఏం కాబోతోందో కూడా తెలుసు. మెట్టు దిగి, చెప్పులు విడిచి, నాఫిరి అవ్వ పక్కన కూర్చుని కాళ్ళు చాపాను. నేల మంచుగడ్డలా ఉంది.

తియామికె మెట్టు మీదే నిలబడి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. చావింట్లో ఎలా ఉండాలో మా పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. వంగి, ఎర్రబూట్ల పట్టీలు రెండూ విప్పి, వాటిని జాగ్రత్తగా గోడవారన పెట్టింది. వట్టికాళ్ళతో వచ్చి నా పక్కన ఇరుక్కుని కూర్చుని, చిన్న కాళ్ళు నా కాళ్ళ పక్కన చాపింది. కాసేపాగి, నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఎవరు చనిపోయారమ్మా?"