మెట్టెలు తిరుగుతున్నయా?

మిర్యాలగూడలో మేనమామ జగదీశ్ ఇంటి ముందు, షామియానా కింద సారమ్మ జ్ఞాపకార్థ కూడిక జరుగుతోంది. పాస్టరుగారి ప్రార్థన కాగానే మాట్లాడాల్సింది మనవరాలు కృపారాణి. సూర్యాపేట నుంచి బస్సులో వస్తూ పేర్చుకున్న మాటలన్నీ, దండ వేసిన ఫొటో చూడగానే గాలికి పోయాయి. బడిలో కంటిచూపుతో పిల్లల్ని కూర్చోబెట్టే లెక్కల టీచరుకు ఇక్కడ ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు.

తల్లి పోయిన కృపను పెంచింది ఈ అమ్మమ్మే. కోదాడలో నర్సుగా చేరి, పాలకీడు, వేములపల్లి తిరిగి రిటైరైంది. రిటైరవడం పేరుకే. ఆమె ఫోన్ మోగని పూట లేదు. సారమ్మకు మనుషుల మొహాలు గుర్తుండేవి కావు, కాళ్లు గుర్తుండేవి. పెళ్లికి వెళ్లినా నిండు గర్భిణి కనబడితే చాలు, పెళ్లికూతుర్ని వదిలేసి ఆమె కాళ్ల దగ్గర కూలబడేది. "మెట్టెలు తిరుగుతున్నయా బిడ్డా?" అని అడిగేది. తిరక్కపోతే ఒంటికి నీరు పట్టినట్టు, వెంటనే బీపీ చూడాల్సిందే. ఆ ప్రశ్నతో ఇంటిల్లిపాదీ ఆమెను ఆటపట్టించేవాళ్లు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఎవరినైనా దవాఖానకు పంపితే, వాళ్లకంటే ముందే పోయి గేటు దగ్గర నిలబడేది. "భయపడుకుంట వచ్చేటోళ్లకు ఎరుకున్న మొఖం ఒకటి కనబడాలె గదనే" అనేది.

ఆ పాత ఫోన్ ఇప్పుడు కృప సంచిలో ఉంది. "రేపు పోయి నంబరు బందు పెట్టిస్త. సచ్చిపోయిందని ఎంతమందికని చెప్తం?" అన్నాడు జగదీశ్ పొద్దున్నే.

అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండగా ఆ ఫోనే గట్టిగా మోగింది. కృప సంచి పట్టుకుని ఇంటి వెనక్కి పరుగెత్తి ఫోన్ ఎత్తింది.

"నర్సమ్మ ఉందా? పాలకీడు నుంచి వైష్ణవిని. నాకు ఎనిమిదో నెల. పొద్దుగాల సంది తల పలిగిపోతుంది. మా ఆయన దామరచర్లల డ్యూటీకి పోయిండు, ఫోన్ ఎత్తుతలేడు. మా అత్తమ్మేమో ఎండకు అంటది."

అమ్మమ్మ లేదని చెప్పబోయి ఆగింది కృప. చెబితే ఈ పిల్ల ఫోన్ పెట్టేసి పడుకుంటుందేమో! ఏం అడగాలో తెలియక, తెలిసిన ఒక్క ప్రశ్నే అడిగింది.

"మెట్టెలు తిరుగుతున్నయా?"

"ఏడ తిరుగుతయక్కా? పట్టక తీసేసిన. కండ్ల ముంగట మెరుపులు గూడ వస్తున్నయ్."

కృప ఇంకేమీ అడగలేదు. "జర మీ అత్తమ్మకు ఇయ్యి."

అత్త ఎల్లమ్మ విసుగ్గా అందుకుంది. "గింత తలనొప్పికి దవాఖాన ఏందమ్మా? నిమ్మకాయ నీళ్లు తాపిస్తున్న."

"అట్ల కాదు పెద్దమ్మా. ఇప్పుడే మిర్యాలగూడకు తీస్కరమ్మని నర్సమ్మ చెప్పుమన్నది. 108కు నేను చేస్త."

ఎల్లమ్మ గొంతులో విసుగు పోయింది. "నర్సమ్మ అన్నదా? మా పిల్లగాడు పుట్టినప్పుడు గూడ ఆమెనే ఉండె. మరి గేటు కాడ ఉంటదా?"

"ఉంటది."

అనేసింది కృప. 108కు ఫోన్ చేసి రోడ్డు మీదికి వచ్చి ఆటో ఆపింది. "నువ్వు మాట్లాడాలె గదనే, యాడికి పోతున్నవ్?" అని మామ వెనక నుంచి కేకేస్తూనే ఉన్నాడు.

దవాఖాన గేటు దగ్గర నిలబడితే భయం రెట్టింపైంది. లెక్కలు చెప్పుకునే నేనెక్కడ, ఒకరి ప్రాణం మీద మాట చెప్పడమెక్కడ? నిజంగా ఎండకేనేమో. కాకపోతే? దారిలోనే ఏమన్నా అయితే? దూరంగా సైరన్ వినబడినప్పుడల్లా రోడ్డుకు అడ్డంగా వెళ్లి చూసింది. రెండుసార్లు వేరేవాళ్లు దిగారు. మూడోసారి దిగిన ముసలామె అటూ ఇటూ చూసి, "నర్సమ్మ ఏది?" అని అడిగింది.

"లోపల ఉంది పెద్దమ్మా, పా." ఇంకో అబద్ధం.

స్ట్రెచర్ మీద వైష్ణవి మొహం ఉబ్బిపోయి ఉంది. డ్యూటీ నర్సు శిరీషది కోదాడ. బీపీ చూసి, "బాగా ఎక్కువగా ఉందండీ. ఫిట్స్ రాకముందే తెచ్చారు, అదృష్టం. ఆపరేషన్ చేయాలంటున్నారు డాక్టరుగారు" అంది గబగబా.

లోపలికి తోస్తుంటే వైష్ణవి కృప చెయ్యి పట్టుకుంది.

"నర్సమ్మ లేదని నాకెరుకే అక్కా. వాట్సాప్ స్టేటస్‌ల దండేసిన ఫొటో చూసిన. మా అత్తమ్మకు చెప్పలే. నర్సమ్మ మాటంటేనే ఆమె కదులుతది. ఫోన్ ఎవరు ఎత్తకున్నా, నర్సమ్మనే ఎత్తి దవాఖానకు రమ్మన్నదని ఆమెకు చెప్దామనుకున్న."

తలుపు మూసుకుంది. కృప ఆ తలుపునే చూస్తూ నిలబడింది. ఎల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుతోంది. ఎంతసేపు గడిచిందో ఇద్దరికీ తెలియదు. చివరికి శిరీష బయటికి వచ్చింది.

"ఆడపిల్లండీ. బరువు తక్కువ, అద్దాల పెట్టెలో పెట్టాం. ఏడ్చింది, ఊపిరి బాగానే తీసుకుంటోంది. తల్లికి బీపీ దిగుతోంది."

కృపకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎల్లమ్మ కళ్లు తుడుచుకుని రొంటిన ఉన్న ఫోన్ తీసింది. "ఫస్టు నర్సమ్మకు నేనే చెప్పాలె. లోపల యాడ కూసున్నదో ఏమో" అంటూ నంబరు నొక్కింది.

కృప సంచిలో ఫోన్ మోగింది.

ఎల్లమ్మ సంచి వైపు చూసింది. తర్వాత కృప మొహం చూసింది. ఫోన్ మోగుతూనే ఉంది, ఇద్దరిలో ఎవరూ ఆపలేదు.

"ఎన్నడు పోయింది?" అని అడిగింది ఎల్లమ్మ చివరికి.

"నెల దాటింది పెద్దమ్మా."

ఎల్లమ్మ బెంచీ మీద కూలబడి, చంటిపిల్లలా ఏడ్చింది. కృప పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది. చాలాసేపటికి ఎల్లమ్మ తలెత్తింది.

"మరి ఇగ ఎవరు చేసినా నువ్వే ఎత్తుతవా బిడ్డా?"

రేపు నంబరు తీసేయిస్తానన్నాడు మామ. తనకు తెలిసింది ఒక్క ప్రశ్న. ఒకసారి సరిపోయింది, ఇంకోసారి సరిపోకపోతే?

"ఎత్తుత పెద్దమ్మా" అంది కృప. అమ్మమ్మ ఇన్నేళ్లూ ఎంత భయాన్ని మోసిందో ఆ మాట అన్నాకే ఆమెకు తెలిసింది.