ఊసరవెల్లికి నీళ్ళు
ఏటవాలుగా కోస్తే కారుతుందట, గొట్టాన్ని తిన్నగా కోయాలట, కాగితంలో బొమ్మ కూడా వేశారు, మూడేళ్ళుగా ఈ ఊసరవెల్లికి పూటకి ఎనిమిది నిమిషాలు సీసా నొక్కుతూ చేత్తో నీళ్ళు కొట్టి బొటనవేలు కాయ కట్టింది, ఇకమీదట మోటారు కొడుతుంది, ఎంత తేలిగ్గా చెప్పాడు ఫోన్లో మా ఆయన, ఇంకా మా ఆయనేమిటి, ఆవిడగారి ఆయన, అటక మీద డబ్బా ఉంటుంది, ఆ నీళ్ళు చల్లే మిషను బిగించి ఉంచు, ఆదివారం వచ్చి గూడుతో సహా పట్టుకుపోతా, తనకి చేత్తో కొట్టడం చిరాకు అన్నాడు, తనకి అంటే కొత్తావిడకి, నాకు మాత్రం మహా సరదా కాబోలు, బిగిస్తాను నాయనా, శుభ్రంగా బిగిస్తాను, ఈ టైమరులో ఏ రోజు నడవాలో మనమే నొక్కచ్చు, సోమవారం నడుస్తుంది, మంగళవారం నడుస్తుంది, ఆ పైన ఆగిపోతుంది, అతను చూసుకోడు, ఎప్పుడు చూశాడు గనక, చుట్టాలొస్తే గూడు ముందు నిలబడి గొప్పలు పోవడమే తప్ప, ఇది గిన్నెలో నీళ్ళు తాగదనీ ఆకు మీద బొట్టయితేనే తాగుతుందనీ కూడా తెలీదు, నిండు గిన్నె పక్కనే ఎండిపోతుంది, కళ్ళు గుంటలు పడతాయి, అప్పుడు నాకు ఫోన్ చేస్తాడు, నేను ఎత్తను, అతను కుళ్ళి కుళ్ళి ఏడవాలి.

గొట్టం కొస బకెట్లో వేశాను, పైన జాలీకి రెండు నాజిల్స్ టిక్కుమని పట్టాయి, ఇంతేనా, గంట కూడా పట్టలేదు, డబ్బా అడుగున గ్యారంటీ కార్డు, అతని వంకర సంతకం, తారీఖు ఈ ఏడాదిది కాదు, మూడేళ్ళ కిందటిది, ఊసరవెల్లిని తెచ్చిన వారమే కొన్నాడు, అంటే నిరుడు తమ్ముడు ఫోన్ చేసి అక్కా, అమ్మ నిన్నే అడుగుతోంది, వెంటనే బయల్దేరు అన్నప్పుడు ఈ మిషను అటకెక్కి మా నెత్తి మీదే ఉంది, నేను చీరలు సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి, నువ్వెళ్తే దానికి నీళ్ళెవరు కొడతారు, మూగజీవి ఉసురు తగులుతుంది, శనివారం నాకు సెలవు, అప్పుడు వెళ్దువుగాని అన్నాడు, నేను పెట్టెని మంచం కిందకి తోసేశాను, అమ్మ శుక్రవారం పోయింది.

స్విచ్ వేశాను, బుస్సుమని తుంపర, ఆకులు తడిశాయి, ఒక కన్ను నా మీద, ఒక కన్ను బొట్టు మీద, తాగుతోంది, గుటకగుటకకీ మెడ కదులుతోంది, దీన్నా నేను చంపబోయింది, ఇదేం పాపం చేసింది, టైమరు తీసి ఏడు రోజులూ నొక్కాను, గూడు ఎక్కడికీ వెళ్ళదు, ఆదివారం పొద్దున్నే తాళం వేసుకుని రెండు రోజులు తమ్ముడింటికి నేనే వెళ్తాను, తన తాళంచెవి ఇల్లు వదిలిన రోజే విసిరికొట్టి పోయాడుగా, బయట కాలుగాలిన పిల్లిలా తిరగనీ, లోపల మోటారు చప్పుడు వింటూ తిరగనీ, ఒకసారి కాదు, వచ్చినప్పుడల్లా తిరగనీ, అయినా కడుపుమంట చల్లారదే, నిరుడు ఆ శుక్రవారం దాకా ఈ ఇంట్లో నేనేం వెలగబెట్టాను, దీనికి నీళ్ళు పట్టుమని పావుగంట, మిగతా రోజంతా అతని టీలు, అతని చొక్కాల ఇస్త్రీ, రెండు పూటలా వంట, అక్కడ అమ్మ గుమ్మం వైపే చూస్తూ ఉంది, ఊసరవెల్లి దాహమని నమ్మాను నేను, అతను నన్ను ఆపింది వేళకి తన ముందు కంచం పడటం కోసం.