లోకనాథన్ గారి కంపెనీ

మా ఇంటి ఇన్సూరెన్సు గడువు ఏటా తమిళుల ఆడి మాసం నడుమ తీరుతుంది. అది నాకెప్పుడూ చిక్కు కాలేదు. పాతది పొడిగించడమే కదా, కొత్తగా ఏదీ మొదలుపెట్టడం లేదు. మూడు తరాలుగా పుదుచ్చేరిలో ఉన్న తెలుగువాళ్లం మేము. మన పంచాంగం ప్రకారం ఆషాఢమూ పాటిస్తాం, ఊరితో పాటు ఆడీ పాటిస్తాం. ఒకటి తీరేలోగా రెండోది వచ్చి పడుతుంది. ఆ రోజుల్లో మా ఇంట్లో కొత్త చీపురు కూడా కొనం.

ఈ ఏడు చిక్కు తెచ్చింది మా కోడలు విద్య. యానాం పిల్ల. పోయిన వానాకాలం తుఫానులో నెల్లితోపు వీధిలో పారిన నీళ్లు మా గడప దాకా వచ్చి ఆగాయి. అప్పటి నుంచీ ఆమెకు దిగులు. ఫోనులో నాలుగైదు కంపెనీల పాలసీలు పక్కపక్కన పెట్టి చూసింది. మా పాత పాలసీలో కింది ఇల్లు మాత్రమే ఉంది. మా అబ్బాయి శ్రవణ్ పెళ్లికి ముందు వేసిన మేడ లేదు, ఇంట్లో సామాను లేదు. అవి కూడా చేర్చమంటే పాత కంపెనీ అడిగేదాని కన్నా, అన్నీ కలిపి కొత్త కంపెనీ అడిగేది తక్కువ.

"మంగళవారంతో పాతది అయిపోద్దండి అత్తయ్యగారూ. ఈలోపే మారిపోదామండి," అంది.

ఆడి వెళ్లాక చూద్దామన్నాను. అప్పటిదాకా ఇంటిని దేవుడి మీద వదిలేద్దామా అని అడిగింది. ఇల్లు దేవుడి మీద కాక ఇంకెవరి మీద ఉంది? ఆ మాట నోటిదాకా వచ్చింది. అలాగైతే ఇన్నేళ్లూ ప్రీమియం ఎందుకు కట్టామని మళ్లీ నాకే అనిపించింది.

నిజానికి నా బాధ ఆడి ఒక్కటే కాదు. పాత కంపెనీ అంటే నాకు లోకనాథన్ గారు. ఆయన ఏజెంటుగా ఉన్నంత కాలం ఏటా స్కూటరు మీద వచ్చేవారు. గేటు దగ్గరే నిలబడి, బడిలో హాజరు పిలిచినట్టు "ఎం. సీతాపతీ" అని మా ఆయన్ని పిలిచేవారు. మా ఆయన ఆ పూట బజారులోని పాత్రల కొట్టు నుంచి తొందరగా వచ్చేసేవారు. నేను మెదువడలు వేసి ఫిల్టరు కాఫీ ఇచ్చేదాన్ని. సంతకం క్షణం పని, కబుర్లు మాత్రం దీపాల వేళ దాకా. ఆయన వెళ్లాక మా ఆయన రసీదును పెరుమాళ్ పటం ముందు పెట్టేవారు. అది చూస్తే ఇంటికి ఎవరో కాపలా ఉన్నట్టుండేది. ఆ కాపలా దేవుడిదా, కంపెనీదా, లోకనాథన్ గారిదా అని నేనెప్పుడూ విడదీసి చూసుకోలేదు.

మా ఆయన పోయారు. లోకనాథన్ గారు అంతకు ముందే పని మానేశారు. ఇప్పుడు ఫోనుకు మెసేజ్ వస్తుంది, శ్రవణ్ కట్టేస్తాడు. అయినా ఆయనకు చెప్పకుండా మారితే మొహం చాటేసినట్టవుతుందనిపించింది. శుక్రవారం అమ్మవారి గుళ్లో అంబలి పోసి వచ్చాక, పళ్లూ తమలపాకులూ సంచిలో పెట్టుకుని టౌను బస్సులో లాస్‌పేటలోని ఆయన ఇంటికి వెళ్లాను.

నేను తాంబూలం చేతికివ్వబోతే లోకనాథన్ గారు వింతగా చూశారు.

"ఏందమ్మా ఇది, ఆడిలో పెండ్లి పిలుపా?"

విషయం చెప్పాను. మేడ చేరిందా, వరద నీళ్లకు వర్తిస్తుందా, ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నారు. విద్య చెప్పినవన్నీ గుర్తు తెచ్చుకుని జవాబిచ్చాను. అంతా విని మెల్లగా నవ్వారు.

"మార్చేసుకోమ్మా. నా ఇల్లే ఎప్పుడో వేరే కంపెనీకి మార్చినా."

ఎవరి కోసం ఆ కంపెనీని పట్టుకుని ఉన్నానో ఆ మనిషే అక్కడ లేరు. కాస్త కోపం వచ్చింది, కాస్త తేలికైంది. సరే, ఆడి వెళ్లనివ్వండి, కొత్త పని కదా అన్నాను.

ఆయన తాంబూలం పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"గడువు ఆడిలో తీరతా ఉందంటే, మొదలైందీ ఆడిలోనే కదమ్మా. ఏడాది పాలసీ అది. సీతాపతి నీకు చెప్పలా?"

ఇన్నేళ్లలో ఆ లెక్క నాకు తట్టనే లేదు.

పాలసీ మొదలైన ఆ ఏడు, ఆడి గాలికి మా వెనక వీధిలో అంజలై గుడిసె అంటుకుంది. అది నాకూ గుర్తే. వాళ్ల పిల్లల్ని మా వరండాలో పడుకోబెట్టాం. మరునాడు పొద్దున్నే మా ఆయన కొట్టు తెరవకుండా నేరుగా లోకనాథన్ గారి దగ్గరికి వెళ్లారట. ఆడి పోయాక రాద్దామని లోకనాథన్ గారే అంటే, నిప్పుకు ఆడి తెలుసునా, ఇప్పుడే రాయమని మా ఆయన అన్నారట. ఇంట్లో మాత్రం చెప్పొద్దన్నారట. గుళ్లో ప్రదక్షిణల లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచీ చేసే మనిషి ఆయన.

సాయంత్రం దీపం పెట్టి విద్య పక్కన కూర్చున్నాను. ఫోను ఇంటి గురించి ప్రశ్నలు అడుగుతోంది. మేడ ఎప్పుడు వేశారు, పైకప్పు దేనిది అని. స్లాబు పోసిన రోజు మేస్త్రీ కరుప్పన్ మనుషులకు మా ఆయనే వడ్డించి, పాయసం చాలకపోతే నా వాటా కూడా వాళ్లకే పెట్టేశారు. అది ఫోను అడగలేదు, విద్యకు చెప్పాను. ఆ పిల్ల వేలు ఆపుకుని చివరిదాకా విన్నది.

"నొక్కమంటారా అత్తయ్యగారూ?"

"నొక్కమ్మా," అన్నాను.

మా ఆయన నాకెందుకు చెప్పలేదా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. చెబితే ఆడిలో వద్దనేదాన్ని. నేను వద్దంటే ఆయన ఆగిపోయేవారు.