నొప్పి పుడితే చెయ్యెత్తండి

కిరాయి హత్యలు కుదిర్చే దళారులు అతన్ని గడియారం అని పిలిచేవారు. కోపంతోనో తాగిన మత్తులోనో అతను ఎవరినీ చంపలేదు. ముందు మనిషి రాకపోకలు గమనించేవాడు, తర్వాత తప్పించుకునే దారి చూసుకునేవాడు. పని ముగిశాక రొట్టె కొనుక్కుని ఇంటికి పోయేవాడు. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు లేరు.

ఈసారి చంపవలసింది ఒక పళ్ళ డాక్టరమ్మని. ఒక కాంట్రాక్టరు తమ్ముడు పట్టపగలు మనిషిని కారుతో తొక్కించడం ఆమె తన క్లినిక్ కిటికీలోంచి చూసింది. కోర్టులో ఆ మాట చెప్పకముందే ఆమె నోరు మూయించాలి. కానీ ఆమె ఒంటరిగా దొరికితేగా! వచ్చినా పోయినా పక్కన అత్తగారు నీడలా ఉంటుంది. రోగి కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రమే ఆ గదిలో మరెవరూ ఉండరు. అందుకని పంటినొప్పి అని అబద్ధం చెప్పి లోపలికి వెళ్దామనుకున్నాడు.

తథాస్తు దేవతలు విన్నట్టున్నారు. వెళ్ళవలసిన ముందురోజే దవడపన్ను నిజంగా సలపడం మొదలుపెట్టింది. తెల్లారేసరికి చెంప బన్నులా ఉబ్బింది.

క్లినిక్ ముందుగదిలో బల్ల వెనక అత్తగారే కూర్చుని ఉంది.

"ఎప్పట్నుంచి బాబూ?"

"నిన్నట్నుంచి."

"నిన్నట్నుంచైతే ఇంత వాపొస్తుందా? ఆ పన్ను ఏళ్ళ తరబడి మొత్తుకునే ఉంటుంది, నువ్వే విని ఉండవు. మా ఆయనా ఇంతే. పళ్ళన్నీ ఊడాక బ్రష్షు కొన్నాడు. వెళ్ళు, మా కోడలు చూస్తుంది."

లోపల తలుపు మూసుకుంది. కుర్చీ వెనక్కి వాలింది. అంతా అనుకున్నట్టే జరుగుతోంది. కోటు జేబులో తుపాకీ ఉంది. దానికోసం చెయ్యి కదిపేలోపే డాక్టరమ్మ వేళ్ళు అతని నోట్లోకి వచ్చేశాయి.

"అయ్యో, చీము పట్టిందండీ! ఎలా ఓర్చుకున్నారసలు? తీసెయ్యాలి. మత్తిస్తాను. అయినా నొప్పి పుడితే ఎడమ చెయ్యెత్తండి, వెంటనే ఆపేస్తాను."

చెయ్యెత్తితే ఆపడమా?

అతని ఎదుట చేతులెత్తినవాళ్ళు ఉన్నారు. రెండు చేతులూ ఎత్తి వేడుకున్నారు. ఒక ముసలాయన అరచేతులకు రంగు సున్నం అంటుకుని ఉండడం ఇప్పుడు కళ్ళముందు మెదిలింది. ఒక్కసారి కూడా తను ఆగలేదు.

మత్తు ఎక్కాక పట్టకారు పంటిని పట్టుకుంది. అతని ఎడమ చెయ్యి దానంతటదే లేచింది.

ఆమె ఆగిపోయింది. "నొప్పా?"

కాదన్నట్టు తలూపాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"భయమా? పర్లేదు. భయమేసినా ఆపుతాను. మీరు సరేనంటేనే మొదలుపెడదాం."

అతను చెయ్యి దించి సరేనన్నాడు. పన్ను ఊడి వచ్చింది. నోట్లో దూది పెట్టి ఆమె చేతులు కడుక్కుంటుంటే, అతను తుపాకీ తీసి, ఊడిన పన్ను పక్కన పళ్ళెంలో పెట్టాడు.

"నేను పంటికోసం రాలేదు డాక్టరుగారూ," అన్నాడు ముద్దముద్దగా. "ఆ తుపాకీని నాకందకుండా పెట్టండి. పోలీసుల్ని పిలవండి. పంపినవాడెవడో చెప్తాను."

ఆమె తలుపు వైపు వెనకడుగు వేసింది. "అత్తయ్యా!" అని కేక వేసింది.

పరుగున వచ్చిన అత్తగారు పళ్ళెంకేసి చూసి, కోడల్ని తన వెనక్కి లాక్కుంది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. పన్ను పీకితే తుపాకీ ఊడిపడ్డం ఇప్పుడే చూస్తున్నా!" అంది. పళ్ళెంతో సహా పట్టుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఫోన్ కూడా ఆమే చేసింది.

పోలీసులు వచ్చేసరికి అతను ఆ కుర్చీలోనే గాఢనిద్రలో ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు భుజం పట్టి కుదిపితే గాని మెలకువ రాలేదు. ఇక పారిపోనక్కర్లేదన్న సంగతి కాసేపటికి తెలిసొచ్చి, గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

"అన్నీ చెప్పాలి," అన్నాడు లేస్తూ. "ఆ ముసలాయన దగ్గర్నుంచి మొదలుపెడతాను."