అంటించిన గడ్డం

గమ్ము ఆరేలోపే గడ్డం అంటించి, అంచులు బొటనవేలితో ఒత్తి, తడిగుడ్డతో అద్దాడు మేకప్‌మ్యాన్. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. కుర్చీలో ఉన్న నటుడు పొద్దున నున్నగా గీసుకున్న గడ్డంతో, నవ్వుతూ వచ్చిన మనిషి. ఇప్పుడు ముఖానికి రెండు పూతల నల్లరంగు, ఛాతీదాకా గడ్డం, నెత్తిన టోపీ. సీరియల్లో బాంబు పెట్టేది ఇతనే.

మేకప్‌మ్యాన్ నలుపు పుట్టుకతో వచ్చింది. "ఇంకాస్త నీ రంగులోకి దింపవయ్యా" అని డైరెక్టరు కేకేసినప్పుడల్లా అందరూ నవ్వుతారు. అతనూ నవ్వేవాడు, సిగ్గులేకుండా.

పక్కవాటాలో ఉండే దర్జీకి అదే గడ్డం, అదే టోపీ. అవి అసలువి. మేకప్‌మ్యాన్ కూతురు ఆ గడ్డం పట్టుకు వేలాడుతూ పెరిగింది. ఈ సీరియల్ మొదలయ్యాక అతన్ని చూస్తే చాలు, "బాంబు మామ!" అని కెవ్వున ఏడుస్తోంది. మొదట నవ్విన ఇరుగుపొరుగు, తర్వాత ఇంటి ఓనరు చెవి కొరికారు. దర్జీని ఖాళీ చేయించాలట. "నేను డైరెక్టరుతో మాట్లాడి ఆ వేషం మార్పిస్తాను, ఆగండి" అని నిన్ననే దర్జీకి మాటిచ్చాడు మేకప్‌మ్యాన్.

అందుకే ఇవాళ నోరు తెరిచాడు. "సార్, గడ్డం లేకుండా చేద్దామా? పిల్లలు జడుసుకుంటున్నారు."

"గడ్డం తీసేస్తే వీడు చెడ్డవాడని జనానికెలా తెలుస్తుంది?"

"బాంబు పెడుతున్నాడు కదా సార్!"

ఎవరో కిసుక్కున నవ్వారు. "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు డైరెక్టరు.

ఒళ్లు మండిపోయింది. గమ్ము సీసా వాడి ముఖాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. చెంప దగ్గర లేచిన గడ్డాన్ని మళ్లీ అంటించాడు. కూటి కోసం కోటి విద్యలన్నారు. పక్కింటివాడి ముఖానికి మసి పూయడం కూడా వాటిలో ఒకటి కాబోలు. ఈ చేతులు విరిగిపోను, అనుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి దర్జీ వాటా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల మిషను లేదు, మంచం లేదు. గుమ్మంలో భార్య నిలబడి ఉంది.

"మధ్యాహ్నమే ఓనరు తాళం అడిగాడంట. వెళ్లిపోయారు."

"ఏమైనా అన్నాడా?"

"మళ్లీ బాంబు మామ అందని దీన్ని కొట్టబోతే, చిన్నపిల్ల, దానికేం తెలుసు, కొట్టకండమ్మా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమనను? మీరు చేసే పని ఆయనకి తెలీదా?"

అతను తమ వాటా వైపు తిరిగాడు. తమ కిటికీ చువ్వకి కొత్త గౌను ఒకటి తగిలించి ఉంది. కూతురి కొలతే. పిల్ల పొడుగైతే కుట్టు విప్పుకోవడానికి, అంచు దగ్గర నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుట్టి ఉంది.