ముందు నడిచే ఎముక

భూమికి ఉత్తరపు కొసనున్న కూక్‌పిక్ నది గడ్డకట్టిందంటే టూక్లా గుడిసెలో టీ కప్పులు మోగి తీరాలి. ఒడ్డునున్న కొండచరియలో, బొగ్గు పొరలకీ మట్టిరాతి పొరలకీ మధ్య పడుకున్న ఎముకల మంద అప్పుడే కదా లేచి నడిచేది! వేసవిలో వచ్చి తవ్వుకునే శాస్త్రవేత్తలు వాటిని డైనోసార్లంటారు, ఈ పొద్దుపొడవని చలికాలాల్లోనే అవి పుట్టి పెరిగాయంటారు. ఊరివాళ్లకి మాత్రం అది పాత మంద. ఆ అడుగుల చప్పుడు సామాన్యమైనదా? ఎక్కడో కొండల్లో నిద్రపోయే ఎలుగుబంటి ఉలిక్కిపడి పక్కకి ఒత్తిగిల్లేది! మంచుగాలిలో దారి తప్పిన వేటగాడు ఆ చప్పుడికి చెవి ఒగ్గి తిన్నగా ఇల్లు చేరేవాడు. ఆడవాళ్లు ఒక చేత్తో కప్పులు అదిమిపట్టుకుని కబుర్లు సాగించేవాళ్లు.

ఆ మధ్యాహ్నం కప్పులు మోగలేదు.

గడ్డకట్టిన చేపని పలచగా కోస్తున్న అక్‌పిక్ కత్తి ఆపింది. బయట ఆకాశమేదో నేలేదో తెలియని తెలుపు. పొద్దున మంచుబండి మీద కారిబూ జింకల వేటకెళ్లిన మొగుడు ఏమస్ ఇంకా రాలేదు.

"అత్తా, మంద ఆగిపోయింది."

"ముందు నడిచేదాన్ని ఎవడో కదిపాడన్నమాట," అంది టూక్లా, సీలు జంతువు నూనె గిన్నె పక్కకి జరిపి. "నా సుపుత్రుడు ఈసారి నదిలో దించిన చేపల వలకి బరువేం కట్టాడే?"

అక్‌పిక్ కత్తి బల్ల మీద పెట్టేసింది. "నల్లరాయి. చరియలోంచి ముందుకు పొడుచుకొచ్చిన రాయి. వల ఎంత చక్కగా దిగిందోనని మురిసిపోయాడు."

"మురిశాడా! మందలో మొదటివాటిని పోనివ్వరా, వాటిని అదిలిస్తే వెనకవి ఆ దారి తొక్కవురా అని పాలు తాగే వయసు నుంచీ చెబుతున్నా. జింకల విషయంలో వాడికి గుర్తుంటుంది, ఎముకల దగ్గరికొచ్చేసరికి గుర్తుండదు. అచ్చం వాళ్ల నాన్న బుర్రే!"

"తిట్లు తర్వాత. ముందు గడ్డపలుగు ఇటివ్వు."

ఇద్దరూ నది మీదికి పరిగెత్తారు. గాలి టూక్లా తిట్లని నోట్లోంచే లాక్కుపోయింది. అవి సముద్రం దాటి రష్యాలో ఎవరికి తగిలాయో పాపం! పదిమంది మగాళ్లు పగలగొట్టలేని మంచుని అక్‌పిక్ ఒక్కతే పిండి చేసింది. లోపల వల ప్రవాహానికి ఎదురుగా, చరియ వైపు బిగుసుకుని ఉంది. లాగితే పైకొచ్చింది నల్లరాయి కాదు, ఎముక, ఆవిర్లు కక్కుతూ.

దాన్ని గుండెకి హత్తుకుని మోసుకెళ్లి, చరియ అంచున ఖాళీగా ఉన్న గూట్లో పెట్టింది. వెంటనే పక్కకి తప్పుకుంది. అత్తాకోడళ్లు దారి వదిలి, తలలు దించుకుని మంచులో కూర్చున్నారు.

ఒక్క అడుగు పడింది. తర్వాత నిశ్శబ్దం.

మరో అడుగు.

ఆ తర్వాత చరియకి చరియే కదిలింది. తల్లులు, పిల్లలు, ముసలివి... కోట్ల ఏళ్ల కిందటి చీకట్లో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నడిచిన ప్రాణాలన్నీ రాతిలో మళ్లీ నడక మొదలుపెట్టాయి. నది గడ్డ కింద చేపలు నిలబడిపోయాయి. అక్‌పిక్ అరచేతుల్లోకి, మోకాళ్లలోకి, పళ్లలోకి ఆ నడక ఎక్కింది. తన ప్రాణం ఎంత చిన్నదో, ఆ మందలో దానికీ ఎంత చోటుందో ఒక్కసారే తెలిసి ఏడ్చింది.

చాలాసేపటికి తెలుపులోంచి మంచుబండి దీపం కనిపించింది. ఏమస్ కనుబొమలు మంచుకట్టి ఉన్నాయి.

"మంచు విరిగి నీళ్లు తేలిన చోటికి తిన్నగా పోతున్నా," అన్నాడు వణుకుతూ. "నా ముందు అడుగుజాడ పడింది. మూడు వేళ్లది, నా బండంత. మనిషీ లేడు, మృగమూ లేదు. ఒకదాని తర్వాత ఒకటి పడుతూనే ఉన్నాయి."

"నువ్వేం చేశావు?" అడిగింది అక్‌పిక్.

"ఇంజను ఆపి తల దించుకున్నా. ముందుది వెళ్లిపోయాక, వెనకాలే వచ్చా."

గుడిసెలోకి వచ్చాక, కడుపులో దాచుకున్న తిట్లన్నీ గుమ్మరించాలని టూక్లా నోరు తెరిచింది. బల్ల మీద కప్పులు గలగలా మోగాయి.

"పట్టుకోరా," అంది. "టీ ఒలికిపోతుంది."